చుట్టూ నీళ్లున్నా మొక్క ఎందుకు వాడిపోతుంది? వేరు నీటిని తీసుకునే తీరు మీద చర్చ

తొలకరి
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. వేరు ద్రవాభిసరణతో (పల్చటి ద్రావణం నుంచి చిక్కటి ద్రావణం వైపు పొర గుండా నీరు పోవడం) నీటిని తీసుకుంటుంది, దారువు (నీటిని మోసే గొట్టాల కణజాలం) దాన్ని పైకి చేరుస్తుంది అని ఏటా చెప్పే పాఠమే. ఈసారి వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి రెండు ప్రశ్నలు వేసింది. ఒకటి: నీళ్లు నిలిచిపోయిన మట్టిలో టమాటా మొక్క కొన్ని గంటల్లోనే ఎందుకు తలవాల్చేస్తుంది? నీళ్లకు కొదవ లేదు కదా. రెండు: దారునాళాలు చచ్చిన కణాలని మనమే చెబుతాం, మరి చచ్చిన గొట్టంలో నీళ్లు పైకి ఎవరు ఎక్కిస్తున్నారు?

పాఠ్యపుస్తకంలో రెండిటికీ విడివిడిగా ఒక్కో వాక్యం సమాధానం ఉంది. నాకు మాత్రం ఈ రెండు ప్రశ్నలూ ఒకే చోటికి వెళ్తాయనిపిస్తోంది. మట్టి రేణువు దగ్గర మొదలుపెట్టి ఆకు దాకా వరసగా చెప్పగలవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పిల్లలకు నేను అలాగే చెప్పాలనుకుంటున్నాను.

గరిక
నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయండీ. కుళ్లిన వేరు నీళ్లు తీసుకోదు. అంతే కదా?

తొలకరి
కుళ్లడానికి రోజులు పట్టాలి కదా గరిక గారూ. టమాటా, పొగాకు లాంటివి ఎండ కాస్తుండగా మునిగితే అదే పూట వాడిపోతాయి. అప్పుడు పీకి చూస్తే వేరు తెల్లగా, గట్టిగానే ఉంటుంది.

దారునాళం
మంచి ప్రశ్నలు. ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మట్టి సంగతి. తడి మట్టిలో నీళ్లు రేణువుల చుట్టూ పల్చటి పొరగానూ, రేణువుల మధ్య సందుల్లోనూ ఉంటాయి. పెద్ద సందుల్లోవి కిందికి జారిపోతాయి, చిన్న సందుల్లోవి పట్టుకుని ఉంటాయి. మట్టి ఆరేకొద్దీ మిగిలిన నీటిని రేణువులు మరింత గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు ఎంతో చెప్పడానికి నీటి శక్మం అనే కొలత ఉంది, దాన్ని మెగాపాస్కల్‌లలో చెబుతాం. మామూలు వాతావరణ పీడనం దగ్గర శుద్ధమైన నీటికి అది సున్నా. బాగా తడిసి, అదనపు నీరు జారిపోయిన మట్టిలో −0.01 నుంచి −0.03 దాకా ఉంటుంది. సుమారు −1.5 దాకా ఆరితే మామూలు పంట మొక్కలు ఇక కోలుకోవు. నీరు ఎప్పుడూ ఎక్కువ శక్మం ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. ఈ చర్చ మొత్తానికి ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు.

ఇక వేరు. కొన దగ్గర వేరు తొడుగు, దాని వెనక కణాలు విభజన చెందే చోటు, ఆ తరవాత కణాలు సాగే చోటు. అక్కడ ఇంకా దారువు తయారు కాదు, కాబట్టి ఆ భాగం పైకి పంపే నీరు చాలా తక్కువ. దాని వెనక మూలకేశాలు పుట్టే చోట మొదలవుతుంది అసలు పని. మూలకేశం అంటే బాహ్యచర్మంలోని ఒకే ఒక కణం బయటికి సాగిన పోగు. మందం మిల్లీమీటరులో నూరో వంతు అటూ ఇటూ. వేరు దూరలేని సందుల్లో అది దూరి, రేణువులకు అతుక్కున్న నీటి పొరను తాకుతుంది.

1937లో డిట్మర్ అనే శాస్త్రవేత్త నాలుగు నెలల వయసున్న ఒక్క రై (ఒక ధాన్యపు పంట) మొక్కను తీసుకుని, వేళ్లు కడిగి, నమూనాలు లెక్కపెట్టి అంచనా కట్టాడు. వేళ్ల మొత్తం పొడవు 600 కిలోమీటర్ల పైమాటే. మూలకేశాలు సుమారు 1,400 కోట్లు, వాటిని వరసగా పేరిస్తే 10,000 కిలోమీటర్లు దాటతాయి. ఆ మొక్క పెరిగింది ఒక చిన్న పెట్టెలో. ఈ ఒక్క లెక్క చెబితే చాలు, మూలకేశం దేనికో పిల్లలకు వేరే వివరించనక్కర్లేదు.

మిగతాది రాత్రికి రాస్తాను.

మన్నుమిన్ను
దారునాళం గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. నారు పీకి నాటినప్పుడు మొక్క రెండు మూడు రోజులు వాడినట్టుండేది ఇందుకే. పెద్ద వేళ్లన్నీ కంటికి బాగానే కనిపిస్తాయి, కానీ మూలకేశాలు మట్టికి అంటుకుని తెగిపోతాయి. మూలకేశాల ఆయుష్షు ఎలాగూ తక్కువే, కొన వెనక కొత్తవి పుట్టేదాకా మొక్క ఇబ్బంది పడుతుంది. మట్టిగడ్డతో సహా తీసి నాటమనేది అందుకే. సాయంత్రం పూట నాటమనడంలోనూ అర్థముంది. ఆకులు రాత్రంతా పెద్దగా నీరు వదలవు, వేరుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

దారునాళం
కొనసాగింపు.

మూలకేశం దాకా వచ్చిన నీటికి లోపలికి మూడు దారులు. కణాల లోపలికి వెళ్లకుండా కణకవచాల్లోనుంచీ కణాల మధ్య ఖాళీల్లోనుంచీ జారిపోవడం ఒకటి, అది అపోప్లాస్ట్ దారి. ఒకసారి కణంలోకి దిగి, పక్క కణంతో కలిపే సన్నటి జీవద్రవ్య బంధాల గుండా సాగిపోవడం రెండోది, సింప్లాస్ట్ దారి. ఈ రెండు భావనలకూ పేర్లు పెట్టింది 1930లో మ్యూంచ్. మూడోది, ప్రతి కణంలోకీ త్వచం (కణాన్ని చుట్టి ఉండే పల్చటి పొర) దాటి వెళ్లి మళ్లీ త్వచం దాటి బయటికి రావడం. నిజానికి నీరు ఈ మూడిటి మధ్య మారుతూ పోతుంది.

వల్కలం, అంటే బాహ్యచర్మానికి లోపలున్న కణాల వరసలు, దాటేదాకా ఏ దారైనా ఫరవాలేదు. వల్కలం లోపలి అంచున ఉన్న అంతశ్చర్మం అనే పొర దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. ఆ కణాల చుట్టూ, పక్క గోడల్లో, నీటిని పోనివ్వని పట్టీ ఉంటుంది. 1865లో రాబర్ట్ కాస్పారీ వర్ణించాడు కాబట్టి కాస్పేరియన్ పట్టీ అంటాం. పుస్తకాల్లో అది సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థమని రాస్తారు. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద 2012లో జరిగిన పనిలో లేత వేరులోని ఆ పట్టీకి అసలు ఆధారం లిగ్నిన్ (కలపను గట్టిపరిచే పదార్థం) అని తేలింది, సుబెరిన్ పూత తరవాతి దశలో వస్తుంది. ఏదైతేనేం, కణకవచాల్లో జారుకుంటూ వచ్చిన నీరు ఇక్కడ ఆగి తీరాలి. దారువులోకి వెళ్లాలంటే ఒక్కసారైనా బతికున్న కణత్వచం దాటాలి.

నా ఉద్దేశంలో వేరులో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. ఇక్కడే వేరు ఏది రావాలో ఏది రాకూడదో తేల్చుకుంటుంది. తొలకరి గారి మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఈ త్వచంలోనే ఉంది.

గరిక
త్వచం దగ్గర ఏం జరుగుతుంది? ద్రవాభిసరణే కదా, దానికి ప్రాణంతో పనేముంది?

పత్రహరితం
గరిక గారూ, ఇది నేను చెబుతాను. నేను ఈ విషయం మీదే చదువుకున్నాను.

త్వచం కొవ్వు పొర, నీరు దాన్ని నేరుగా దాటడం నెమ్మది. త్వచంలో నీటికోసమే ఉన్న ప్రోటీన్ మార్గాలు ఉంటాయి, ఆక్వాపోరిన్లు. పీటర్ ఆగ్రే బృందం 1992లో ఎర్రరక్తకణాల ప్రోటీన్ ఒకటి నీటి మార్గమని నిరూపించింది. ఆ పనికి ఆయనకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అయాన్ మార్గాల మీద పనిచేసిన రోడరిక్ మెకినన్‌తో కలిపి. మొక్కల్లో ఇలాంటి ప్రోటీన్ 1993లో బయటపడింది. ఒక్క మార్గం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు వెళ్లగలవు, ఒకదాని వెనక ఒకటి.

గరిక గారి సందేహం న్యాయమైనదే. ఆక్వాపోరిన్ నీటిని నెట్టదు. శక్తి ఖర్చుపెట్టి పంపు చేయదు. శక్మం ఎటు తక్కువుంటే అటు నీరు పోవడానికి వీలిస్తుంది, అంతవరకే. కానీ దాన్ని తెరవడం మూయడం కణం చేతిలో ఉంది. ఎన్ని మార్గాలు తయారు చేయాలి, ఎన్నిటిని త్వచంలో ఉంచాలి అన్నదీ కణం చేతిలోనే ఉంది. ప్రాణంతో పని అక్కడ.

ఇప్పుడు మునిగిన మొక్క. ఆక్సిజన్ నీటిలో వ్యాపించే వేగం గాల్లో కన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. మట్టి సందులన్నీ నీటితో నిండితే, లోపలున్న కాస్త ఆక్సిజన్‌ను వేళ్లూ సూక్ష్మజీవులూ తొందరగా వాడేస్తాయి. వేరు కణంలో శ్వాస మందగిస్తుంది, కణద్రవ్యం ఆమ్లత్వం పెరుగుతుంది, అంటే పీహెచ్ పడిపోతుంది. 2003లో అరబిడాప్సిస్ వేళ్ల మీద చూపించిందేమిటంటే, ఆక్వాపోరిన్‌లో ఒకానొక హిస్టిడిన్ (ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) ఈ ఆమ్లత్వాన్ని పసిగడుతుంది. దానికి ప్రోటాన్ తగులుకోగానే మార్గం మూసుకుంటుంది. చాలా మార్గాలు ఒకేసారి మూసుకుంటే వేరు నీటికి అడ్డుగోడ అవుతుంది. పైన ఎండ కాస్తోంది, ఆకు నీరు వదులుతూనే ఉంది, కింద నుంచి సరఫరా పడిపోయింది. మొక్క వాడుతుంది. కుళ్లు ఆ తరవాతి మాట.

ఇంకో రుజువు కావాలంటే, మట్టి లేకుండా నీటిలో పెంచే మొక్కల్ని చూడండి. వాటి వేళ్లు ఎప్పుడూ మునిగే ఉంటాయి, వాడవు. ఆ నీటిలోకి గాలి బుడగలు పంపుతూ ఉంటారు, లేదా వేళ్లలో కొంత భాగం గాలి తగిలేలా ఉంచుతారు. మొక్కకు చెరుపు చేసేది నీరు కాదు, గాలి అందకపోవడం.

తొలకరి
పత్రహరితం గారూ, ఎంత స్పష్టంగా చెప్పారండీ. మరి వరి? అది నీళ్లలోనే కదా నిలబడేది.

పత్రహరితం
వరి వేరులో గాలి గదులుంటాయి. వల్కలంలో కొన్ని కణాలు కరిగిపోయి కాండం నుంచి వేరు కొన దాకా ఖాళీ దారి ఏర్పడుతుంది, ఆకుల నుంచి ఆక్సిజన్ దానిగుండా కిందికి దిగుతుంది. పైగా వేరు పైపొరల్లో ఆ ఆక్సిజన్ మధ్యలోనే మట్టిలోకి కారిపోకుండా అడ్డుపొర కూడా ఏర్పడుతుంది. టమాటాకు ఇంత ఏర్పాటు లేదు.

ఉత్తరేణి
ఇంతవరకూ బాగుంది. కానీ రెండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి అందరూ ఆకే లాగుతుందని తేల్చేస్తారేమోనని ముందే అడుగుతున్నాను. వేరు నెట్టడం అబద్ధమా? తెల్లవారుజామున గడ్డి కొనల మీద, టమాటా ఆకు అంచుల మీద నీటి బొట్లు చూడండి. కొమ్మ కత్తిరించిన ద్రాక్ష తీగ నుంచి కారే నీరు చూడండి, అప్పటికి దానికి ఆకులే ఉండవు! స్టీఫెన్ హేల్స్ 1727 నాటికే ఆ ఒత్తిడిని గొట్టాలు బిగించి కొలిచాడు. ఆకు లేనిచోట ఆకు ఎలా లాగుతుంది? జగదీశ్ చంద్ర బోస్ అయితే 1923లో వల్కలం లోపలి పొర కణాలు స్పందిస్తూ నీటిని పైకి నెడతాయని చెప్పారు. ఆయన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేయడం నాకు నచ్చదు.

దారునాళం
ఉత్తరేణి గారూ, వేరు పీడనం అబద్ధం కానే కాదు. అదెలా పుడుతుందో చూద్దాం. వేరు కణాలు శక్తి ఖర్చుపెట్టి ఖనిజ లవణాలను దారువులోకి చేరవేస్తాయి. కాస్పేరియన్ పట్టీ ఉంది కాబట్టి అవి వెనక్కి కారిపోవు. లోపల లవణాలు పోగయ్యేసరికి అక్కడి శక్మం తగ్గి, మట్టి నుంచి నీరు ద్రవాభిసరణతో లోపలికొస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి ఆకులు నీరు వదలనప్పుడు, మట్టి తడిగా ఉన్నప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. ఆకు అంచుల్లోని జలరంధ్రాల నుంచి బయటికొచ్చే ఆ బొట్లు మంచు కాదు, బిందుస్రావం. మీరన్నది అక్షరాలా నిజం.

కానీ లెక్క చూడండి. వేరు పీడనం సాధారణంగా 0.1 నుంచి 0.2 మెగాపాస్కల్, చాలా ఎక్కువైతే 0.5. 0.1 మెగాపాస్కల్ నీటిని 10 మీటర్లు ఎత్తగలదు, అదీ ప్రవాహానికి అడ్డేమీ లేకపోతే. 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్లున్నాయి. పైగా ఎత్తయిన చెట్లలో ముందు వరసలో ఉండే, పైన్ లాంటి శంఖాకార వృక్షాల్లో వేరు పీడనం సాధారణంగా కనిపించదు. మట్టమధ్యాహ్నం నీరు అన్నిటికన్నా వేగంగా పైకెక్కే వేళకే ఒత్తిడి మాయమై, దారువులో లాగుడు ఉంటుంది. అవసరం ఎక్కువున్నప్పుడే లేకుండా పోయే బలాన్ని ప్రధాన కారణం అనలేం.

ఉత్తరేణి
బోస్ మాట?

మన్నుమిన్ను
దానికి నేను చెప్పనా. బోస్ కంటే ముందే, 1890ల మొదట్లో, స్ట్రాస్‌బర్గర్ ఒక పని చేశాడు. 20 మీటర్ల పైచిలుకు ఎత్తున్న చెట్టును మొదలు దగ్గర కోసి, కాండానికి విషం పెట్టాడు, కాపర్ సల్ఫేట్, పిక్రిక్ ఆమ్లం లాంటివి. విషం ఎక్కుతూ దారిలోని బతికున్న కణాలన్నిటినీ చంపుతూ పోయింది. ద్రవం మాత్రం ఆగలేదు, ఆకుల దాకా వెళ్లింది. ఆకులు చచ్చాకే ఆగింది. కాండంలో బతికున్న కణాలే నెడుతుంటే ఇది జరగకూడదు.

ఇక వేరు. పాల్ క్రేమర్ 1933లో వేళ్లను వేడినీటిలో ముంచి చంపి చూశాడు. చచ్చిన వేళ్లున్న మొక్క కూడా నీటిని తీసుకుంటూనే ఉంది! మొదట్లో ఇంకా సులువుగా తీసుకుంది, ఎందుకంటే అడ్డుగా ఉన్న త్వచాలు పోయాయి. తరవాత నాళాలు మూసుకుపోయి ఆగిపోయింది.

ఈ ప్రయోగం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. బతికున్న వేరు నీటికి నిజానికి అడ్డు. మొక్క ఆ అడ్డును కోరి పెట్టుకుంది. అది లేకపోతే నీరు సులువుగా వస్తుంది, దానితో పాటు మట్టిలో ఉన్న ప్రతి చెత్తా వస్తుంది.

బోస్ గారి స్పందనలకూ నీటి ప్రవాహానికీ లంకె ఉందని తరవాతి వాళ్లు నిరూపించలేకపోయారు. మొక్కల్లో విద్యుత్ సంకేతాల గురించి ఆయన చెప్పింది మాత్రం నిలిచింది. ఒక సిద్ధాంతం నిలవనంత మాత్రాన మనిషి గొప్పదనం తగ్గదు.

ఉత్తరేణి
క్రేమర్ ప్రయోగం గురించి వినలేదు. బాగుంది. అయితే ద్రాక్ష తీగ గురించి నా ప్రశ్న అలాగే ఉంది. ఆకులు రాకముందు నాళాల్లో నీరు నిండాలంటే వేరు నెట్టాల్సిందే కదా?

దారునాళం
అవును, అక్కడ మీదే సరైన మాట. చలికాలంలో ఖాళీ అయి గాలి నిండిన నాళాలను వేరు పీడనమే మళ్లీ నింపుతుంది. గడ్డిజాతుల్లో, మొక్కజొన్నలో పగటి లాగుడికి తెగిన నీటి దారలను రాత్రి వేరు పీడనం సరిచేయగలదు. అంటే అది మరమ్మతు బలం. పొద్దున్న మొదలయ్యే అసలు రవాణా మాత్రం వేరే బలం మీద నడుస్తుంది.

గరిక
ఆ వేరే బలం చెప్పండి మరి. ఆకు స్ట్రాతో జ్యూస్ పీల్చినట్టు లాగుతుంది, అంతేనా?

దారునాళం
ఆ పోలిక అందరూ చెప్పేదే, కానీ అసలు చోటే తప్పుదారి పట్టిస్తుంది. స్ట్రాలో మనం గాలి తీసేస్తాం, బయటి గాలి ఒత్తిడి ద్రవాన్ని పైకి నెడుతుంది. ఎంత గట్టిగా పీల్చినా, చివరికి శూన్యమే సృష్టించినా, నీరు 10 మీటర్లు దాటదు. చెట్టులో జరిగేది అది కాదు. దారువులోని నీరు శూన్యం కన్నా కిందికి, నిజమైన లాగుడులో ఉంటుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని, నాళం గోడలనూ పట్టుకుని, తెగకుండా ఆగుతాయి. ఈ సంసంజన సిద్ధాంతాన్ని 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ ప్రతిపాదించారు. అదే కాలంలో బోమ్, అస్కెనాసీ కూడా ఇదే దిశలో ఆలోచించారు.

నీరు అంత లాగుడు తట్టుకుంటుందా అని అనుమానం రావడం సహజం. 1950లో లైమన్ బ్రిగ్స్ సన్నటి గాజు గొట్టంలో నీరు పోసి వేగంగా తిప్పి కొలిచాడు. సుమారు 28 మెగాపాస్కల్ దాకా తెగలేదు. 100 మీటర్ల చెట్టుకు గురుత్వాకర్షణ కోసం 1, దారిలో రాపిడి కోసం ఇంచుమించు మరో 1, మొత్తం 2 మెగాపాస్కల్ చుట్టుపక్కల చాలు.

లాగుడు పుట్టేది ఆకులో. పత్రరంధ్రాల వెనక తడి కణకవచాల్లో నానోమీటర్ల కొలతలో సందులుంటాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ సందుల్లో నీటి ఉపరితలం లోపలికి వంగుతుంది. 10 నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న సందులో ఆ వంపు 14 మెగాపాస్కల్ దాకా లాగుడును నిలపగలదు. కేశనాళికీయత (సన్నటి గొట్టంలో నీరు తనంతట పైకెక్కడం) నాళంలోనే పనిచేస్తుందనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి. మిల్లీమీటరులో పదో వంతు వ్యాసమున్న నాళంలో అది నీటిని 30 సెంటీమీటర్లే ఎత్తగలదు. బలం ఉన్నది ఆకు గోడలోని సందుల్లో, నాళంలో కాదు.

ఆ లాగుడు దారువు గుండా వేరు దాకా పాకుతుంది. వేరు దారువులో శక్మం మట్టి కన్నా కిందికి దిగుతుంది, అప్పుడు నీరు అంతశ్చర్మం దాటి లోపలికొస్తుంది. మామూలు పగటిపూట మట్టిలో −0.03, ఆకులో −1 చుట్టుపక్కల అనుకోండి. 50 శాతం తేమ ఉన్న గాలిలో ఎంతో తెలుసా? −90 కంటే కిందికి. శక్మంలో అసలు దిగుడు దాదాపు మొత్తం ఆకు నుంచి గాలిలోకే ఉంది. పత్రరంధ్రం మూయడం మొక్క చేతిలో ఉన్న పెద్ద ఆయుధం కావడానికి కారణం ఇదే. ఇంత నీటినీ పైకి ఎత్తడానికి మొక్క ఏ ఖర్చూ పెట్టదు. ఖర్చు సూర్యుడిది.

జామురాత్రి
చాలాకాలంగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. ఈ లాగుడు నిజంగా ఉందని చెట్టు మీదే కొలిచారా?

మన్నుమిన్ను
కొలిచారు. 1965లో షోలాండర్ బృందం. కోసిన కొమ్మను గట్టి గదిలో పెట్టి, కోసిన చివర బయటికి ఉంచి, లోపల వాయువు ఒత్తిడి పెంచుతారు. కోయగానే లోపలికి జారుకున్న రసం ఎంత ఒత్తిడికి మళ్లీ కోత దగ్గర కనిపిస్తుందో, అంత లాగుడు అంతకుముందు ఉందన్నమాట. ఎత్తయిన డగ్లస్ ఫర్ చెట్ల పై కొమ్మలను తుపాకీతో కొట్టి దించి మరీ కొలిచారు. పైకి వెళ్లేకొద్దీ లాగుడు పెరుగుతుందని తేలింది. 2008లో వీలర్, స్ట్రూక్ ఇంకా ముందుకెళ్లారు. హైడ్రోజెల్ అనే, నీటిని పట్టి ఉంచే మెత్తటి పదార్థంతో ఒక చిన్న కృత్రిమ చెట్టు చేశారు, దానిలో ఒక్క జీవకణం లేదు. ఆకు వైపు ఆరుతుంటే వేరు వైపు నుంచి నీరు లాగుడు కింద ప్రవహించింది.

పత్రహరితం
లాగుడుకు మూల్యం కూడా చెప్పాలి. నాళం వ్యాసార్ధం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు, కాబట్టి వెడల్పు నాళాలు లాభమే. ఓక్ లాంటి చెట్లలో రసం గంటకు పదుల మీటర్లు ఎక్కుతుంది, శంఖాకార వృక్షాల్లో రెండు మూడు మీటర్లకు మించదు. కానీ కరువులో లాగుడు పెరిగితే పక్క నాళం నుంచి గాలి చొరబడి నీటి దార పుటుక్కున తెగుతుంది. ఆ చప్పుడును 1966లో మిల్బర్న్, జాన్సన్ పరికరంతో విన్నారు. గాలి నిండిన నాళం ఇక పనిచేయదు. నాళాల మధ్య గుంటల్లోని పల్చటి పొర ఆ గాలిని అక్కడే ఆపడానికి ప్రయత్నిస్తుంది. కరువుకు చెట్లు చచ్చే దారుల్లో ఇదొకటి.

గరిక
చలిలో మొక్కలు వాడడం కూడా ఇలాంటిదేనా? మట్టి తడిగానే ఉంటుంది.

పత్రహరితం
అవును. 25 డిగ్రీల దగ్గర కన్నా 0 దగ్గర నీటి చిక్కదనం రెట్టింపు. దానికితోడు చల్లబడిన త్వచం బిగుసుకుంటుంది, ఆక్వాపోరిన్ల పని తగ్గుతుంది. దోస లాంటి వేడిని కోరే మొక్కలు చల్లటి మట్టిలో నీళ్లుండగానే వాడతాయి. ఎరువు మోతాదు మించితే జరిగేది మాత్రం ఇంకోటి. అక్కడ మట్టి నీటిలో లవణాలు పెరిగి శక్మం పడిపోతుంది, దారి తెరిచే ఉన్నా నీరు రావడానికి శక్మంలో తగినంత తేడా, అంటే వాలు, ఉండదు. కాబట్టి వాడిన మొక్కను చూడగానే నీళ్లు పోయకూడదు. నీరు లేదా, దారి మూసుకుందా, వాలు పోయిందా అని ముందు చూడాలి. ఎరువు ఎక్కువైన చోట నీళ్లు పోసి కడిగేయడం మందు, మునిగిన చోట అదే నీళ్లు పోయడం విషం.

జామురాత్రి
వాలును బట్టే పోతుందంటున్నారు కదా. మరి పైమట్టి ఎండిపోయి, లోతు మట్టి తడిగా ఉంటే, వేరులోంచి నీరు బయటికి కారిపోవాలి కదా?

దారునాళం
కారుతుంది! ఇంత చక్కటి ప్రశ్న ఈ చర్చలో ఇంకొకటి రాలేదు. 1987లో రిచర్డ్స్, కాల్డ్‌వెల్ సేజ్‌బ్రష్ పొద మీద చూపించారు. రాత్రి పత్రరంధ్రాలు మూసుకోగానే లోతు వేళ్లు తీసుకున్న నీరు పైకొచ్చి, పై వేళ్ల నుంచి ఎండిన మట్టిలోకి వెళ్తుంది. పొద్దున్నే అదే నీటిని మొక్క మళ్లీ తీసుకుంటుంది, పక్కనున్న చిన్న మొక్కలకూ కొంత అందుతుంది. వేరు తానే పీల్చే యంత్రమైతే ఇలా జరగదు. లోతు అంటే ఎంతో కూడా చెప్పాలి: కలహారి ఎడారిలో బోసియా ఆల్బిట్రంకా అనే చెట్టు వేరు 68 మీటర్ల లోతున దొరికింది.

అలాగని వేరు అంధంగా పెరుగుతుందనుకోవద్దు. 2014లో ఒక పని చూపించిందేమిటంటే, ఒకే వేరుకు ఒక పక్క తడి, ఇంకో పక్క పొడి తగిలితే పక్క వేళ్లు తడి వైపే పుడతాయి.

ఉత్తరేణి
చివరగా ఒకటి. సముద్రపు నీటిలో మడ చెట్లు ఎలా బతుకుతాయి? అక్కడ వాలు తిరగబడి ఉండాలి, వేరు నుంచే నీరు సముద్రంలోకి పోవాలి. అక్కడైనా వేరు నెట్టక తప్పదేమో.

దారునాళం
సముద్రపు నీటి శక్మం సుమారు −2.5. మీరన్నట్టు మామూలు మొక్క అక్కడ నీరు పోగొట్టుకుంటుంది. మడ చెట్టు దారువులోని రసాన్ని షోలాండరే పరీక్షించాడు. అది ఇంచుమించు మంచినీరు, ఉప్పు చాలా తక్కువ. అంత పల్చటి రసంలో ద్రవాభిసరణ బలం ఉండదు, కాబట్టి వేరు పీడనంతో పని జరగదు. కొలిస్తే అక్కడి లాగుడు −3 నుంచి −6 దాకా కనిపించింది, అంటే పగలూ రాత్రీ సముద్రం కన్నా కిందే. ఆకుల కణాల్లో లవణాలూ ఇతర పదార్థాలూ బాగా పోగుచేసుకుని ఆ స్థితిని నిలుపుకుంటుంది. అంత లాగుడు మీద నీరు వేరు త్వచాల గుండా వడకట్టుకుని వస్తుంది, ఉప్పులో అధిక భాగం బయటే ఉండిపోతుంది. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే మన యంత్రాలు పంపుతో చేసే వడకట్టే పనే ఇది. తెల్ల మడ లాంటివి లోపలికొచ్చిన కాస్త ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తాయి, ఎండలో ఆ ఆకుల మీద స్ఫటికాలు కంటికి కనిపిస్తాయి.

ఉత్తరేణి
అయితే అక్కడ కూడా బలం ఆకుది, వడపోత వేరుది. ఒప్పుకుంటున్నాను. తొలకరి గారూ, క్లాసులో వేరు పీడనం కూడా చూపించండి. బాగా నీళ్లు పోసిన కుండీ మొక్క కాండాన్ని మట్టికి కాస్త పైన కోసి, రబ్బరు గొట్టంతో ఒక సన్నటి గాజు గొట్టం బిగించి, అందులో కొద్దిగా రంగునీళ్లు పోసి గుర్తు పెట్టండి. మర్నాటికి మట్టం పైకి వచ్చి ఉంటుంది.

తొలకరి
తప్పకుండా. పక్కనే ఇంకో కుండీ పెట్టి, దాన్ని ముందురోజు నుంచే నీళ్లలో ముంచి ఉంచి, అదే గొట్టం బిగిస్తాను. ఆక్సిజన్ అందని వేరు లవణాలను లోపలికి పంపలేదు కాబట్టి అందులో మట్టం పెద్దగా లేవకూడదు. ఎందుకు లేవలేదో ముందు ఆ అమ్మాయినే చెప్పమంటాను.